టికెట్టు మీద ఎవరి ఫోను నంబరు ఉంది?



మా గుమ్మఘట్ట ప్రాంతంలో విమానమంటే తలెత్తి చూసేదే గాని ఎక్కేది కాదని చిన్నతనంలో మేము అనుకునేవారము. వేదవతి నదిపై భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్నా, నీటి కోసం మబ్బుల వైపే చూసే నేల మాది. నేడు ఇదే నేల నుండి మన పిల్లలు బ్రతుకుదెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. ముసలి తల్లిదండ్రులు ఉమ్రా ఆశతో పైసా పైసా కూడబెడుతున్నారు. పుట్టపర్తిలో రన్‌వే ఉన్నా సామాన్యుడు టికెట్టు కొని ఎక్కగల నిత్య విమానాలు అక్కడ లేవు. కనుక మా వారందరికీ దిక్కు బెంగుళూరు దగ్గరి దేవనహళ్ళి విమానాశ్రయమే. 2008లో అది ప్రారంభమైన నాటి నుండి ఎందరినో అక్కడిదాకా సాగనంపి దుఆ చేసి వచ్చాము.

ఈ మధ్య చాలా కుటుంబాలు గ్రూపులతో కాకుండా స్వయంగా టికెట్లు కొని బయలుదేరుతున్నాయి. ఖర్చు తగ్గుతుంది, తమకు వీలైన తేదీలు ఎంచుకోవచ్చు. ఇందులో తప్పేమీ లేదు. అయితే గ్రూపు నిర్వాహకుడు మోసే బాధ్యత అంతా అప్పుడు మన భుజాల మీదికి వస్తుంది. ఈ సంగతి మేము నష్టపోయిన తరువాతే గ్రహించాము.

మాకు జరిగినది

కొన్నేళ్ల క్రితం మేము, మా శ్రీమతి, వితంతువైన మా ఆపా ముగ్గురమూ ఉమ్రాకు సంకల్పించుకున్నాము. ఆపా తన చేతి గాజులు అమ్మి డబ్బు తెచ్చి మా చేతిలో పెట్టింది. "నువ్వు చదువుకున్నవాడివి తమ్ముడూ, ఎలా తీసుకుపోతావో నీ ఇష్టం" అన్నది. మేము ఒక నెట్ సెంటరులో టికెట్లు తీయించాము. బెంగుళూరు నుండి గల్ఫ్‌లోని ఒక నగరానికి ఒక సంస్థ టికెట్టు, అక్కడి నుండి జిద్దాకు మరొక సంస్థ టికెట్టు. రెండూ విడివిడిగా కొంటే చౌక అని ఆ కుర్రవాడు చూపించాడు. మేము సంతోషించాము.

ప్రయాణం నాడు మధ్యాహ్నమే ఊరు విడిచి రాయదుర్గం, కళ్యాణదుర్గం, అనంతపురం మీదుగా రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విమానాశ్రయం చేరాము. కాగితం మీద ఉన్న వేళకు నాలుగు గంటల ముందే అక్కడ ఉన్నాము. అయినా కౌంటరు మూసివేసి ఉంది. విమానాన్ని మూడు గంటలు ముందుకు జరిపారట. ఆ కబురు నాలుగు రోజుల క్రితమే పంపామని చెప్పి, టికెట్టులో ఉన్న ఫోను నంబరు చూపించారు. అది మాది కాదు, నెట్ సెంటరు కుర్రవానిది. రోజూ వచ్చే వందల సందేశాలలో అతడు దానిని చూడనే లేదు.

మొదటి విమానం పోయింది. దానిపై ఆధారపడిన రెండవ టికెట్టు కూడా పనికిరాకుండా పోయింది. రెండవ సంస్థ వారికి మొదటి విమానంతో సంబంధమే లేదు గనుక వారిని అడిగే మార్గం లేదు. ఆ రాత్రి విమానాశ్రయంలో కూర్చున్న ఆపా మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఫజ్ర్ నమాజు అయ్యాక మాత్రం, "నా నసీబులో పిలుపు లేదేమో తమ్ముడూ" అన్నది. తప్పు నసీబుది కాదని, మా అజాగ్రత్తదని మాకు తెలుసు. బావమరిది వద్ద ఖర్జ్ తీసుకుని మరునాడు నేరుగా జిద్దాకు పోయే విమానంలో టికెట్లు కొన్నాము. అల్‌హందులిల్లాహ్, ఉమ్రా పూర్తయింది. ఆ ఖర్జ్ తీరడానికి రెండు వేరుశనగ పంటలు పట్టాయి.

టికెట్టు తీసేటప్పుడు

మొట్టమొదట, ఫోను నంబరు, ఇ-మెయిల్ రెండూ మీవే ఉండాలి. ఎవరి చేత టికెట్టు తీయించినా పక్కన కూర్చుని ఈ రెండు గడులూ చూడండి. ఇది వార్తలు అందడం కోసం మాత్రమే కాదు. విమానం రద్దయినప్పుడు పరిహారం గురించి మన దేశపు పౌర విమానయాన డైరెక్టరేట్, అనగా డీజీసీఏ, నియమాలు చేసింది. ప్రయాణికుడు తన సంప్రదింపు వివరాలు సరిగా ఇవ్వకపోతే ఆ పరిహారం దక్కదని కూడా అందులో ఉంది.

రెండవది, మార్గమధ్యంలో విమానం మారవలసి వస్తే మొత్తం ప్రయాణం ఒకే బుకింగులో ఉండాలి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే, మరొక విమానంలో పంపే బాధ్యత సంస్థదే. విడి టికెట్లయితే ఆ బాధ్యత ఎవరికీ ఉండదు. పైగా మధ్యలో సామాను తీసుకుని మళ్లీ అప్పగించవలసి రావచ్చు. అందుకు బయటకు వెళ్లాలంటే ఆ దేశపు వీసా కావాలి. రాకపోకల టికెట్టులో మొదటి విమానం ఎక్కకపోతే మిగిలిన ప్రయాణమంతా రద్దయ్యే ప్రమాదం ఉన్నదని కూడా గుర్తుంచుకోండి.

మూడవది, పేరు. మన ఇళ్లలో 'షేక్' అనే ఒక్క మాటనే ఇంగ్లీషులో నాలుగైదు విధాలుగా రాస్తారు. ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో మరొకటి ఉంటుంది. టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే ఉండాలి. నేరుగా విమాన సంస్థ వెబ్‌సైటులో కొన్న టికెట్టులో అక్షరదోషం ఉంటే, 24 గంటలలోపు తెలియజేస్తే రుసుము లేకుండా సరిచేయాలని నియమం. పెద్దవయసు స్త్రీలకు పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉండడం సాధారణం. ఇటువంటి పాస్‌పోర్టులపై సందర్శక వీసాతో వచ్చేవారి విషయంలో 2022 నవంబరులో యూఏఈ ఆంక్షలు విధించింది. కాబట్టి పాస్‌పోర్టు తీయించే నాడే పేరు, ఇంటిపేరు రెండు గడులూ నింపించండి.

సంచి సర్దుకునేటప్పుడు

ఇహ్‌రామ్ వస్త్రాలను పెద్ద పెట్టెలో పెట్టి కౌంటరులో అప్పగించేవారిని మేము చూశాము. విమానం జిద్దాలో దిగకముందే మీఖాత్ హద్దు దాటుతుంది. కనుక ఆ వస్త్రాలు చేతిసంచిలోనే ఉండాలి, లేదా బయలుదేరేచోటే ధరించాలి. మందులు, వాటి చీటీ, వీసా కాగితాలు, పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. చేతిసంచి బరువు సాధారణంగా ఏడు కిలోలు మించకూడదు. ఇంట్లోనే తూచుకుంటే కౌంటరు ముందు పెట్టె విప్పి వస్తువులు పారవేసే అవస్థ తప్పుతుంది.

సోదరీమణులు మరొక విషయం గమనించాలి. మన మసాలాలో వాడే గసగసాలు సౌదీలోను, యూఏఈలోను నిషిద్ధం. మాదకద్రవ్యం క్రింద లెక్కగట్టి జైలుకు పంపుతారు. "మా అబ్బాయికి ఈ పొట్లం ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే, విప్పి చూడకుండా తీసుకోకండి. చూపించమని అడగడం అవమానించడం కాదు. అమానత్ స్వీకరించేవారికి అందులో ఏముందో తెలిసి ఉండాలి. తిరుగు ప్రయాణంలో జమ్‌జమ్ నీటిని పెట్టె లోపల పెట్టకండి. జిద్దా విమానాశ్రయంలో సీలు వేసి అమ్మే అయిదు లీటర్ల డబ్బానే తీసుకోండి.

ఇబ్బంది ఎదురైనప్పుడు

మన హక్కులు తెలియక మౌనంగా కూర్చోవడం సహనం కాదు. సరైన వేళకు చెక్-ఇన్ చేసినవారికి, విమానం నిర్ణీత గంటలకు మించి ఆలస్యమైతే భోజనం, ఫలహారం ఇవ్వాలి. దేశీయ విమానం ఆరు గంటలు మించి ఆలస్యమయ్యేటప్పుడు మరొక విమానమో, పూర్తి సొమ్మో కోరే హక్కు ఉంది. ఎక్కువ టికెట్లు అమ్ముకుని మిమ్మల్ని ఎక్కించుకోకపోతే, గంటలోపు బయలుదేరే మరో విమానం చూపని పక్షంలో పరిహారం చెల్లించాలి. ఇరవైనాలుగు గంటలలోపు వేరే విమానంలో పంపితే అది పదివేల రూపాయల వరకు, అంతకు మించితే ఇరవై వేల వరకు ఉంటుంది. మర్యాదగా అడగండి, కారణాన్ని కాగితం మీద రాయించుకోండి. అక్కడ న్యాయం జరగకపోతే పౌర విమానయాన మంత్రిత్వ శాఖ 2016లో ప్రారంభించిన 'ఎయిర్ సేవ'లో ఫిర్యాదు చేయండి.

తవక్కుల్ అంటే జాగ్రత్తను విడిచిపెట్టడం కాదని మదరసాలో మా విద్యార్థులకు ఏటేటా బోధించాము. ఆ పాఠం మాకే అప్పగింత అయినది దేవనహళ్ళి విమానాశ్రయంలో. చదువురాని పెద్దలు తమ గాజులమ్మిన సొమ్మును మన చేతిలో పెట్టినప్పుడు, అది అమానత్. టికెట్టు మీది చిన్న అక్షరాలను వారి తరఫున చదవడం ఆ అమానత్‌లో భాగమే. అల్లాహ్ మీ ప్రయాణాలను సులభతరం చేయుగాక! ఆమీన్.