సున్నాతో మొదలెట్టండి... జి దొరుకుతుంది!

మిరప టిక్కీలు కాటా ఎక్కించే ముందు పల్నాడు రైతు చూసుకునేది ఖాళీ కాటా సున్నా చూపిస్తోందా లేదా అని. బరువు సంగతి ఆ తరవాతే. ఇంటర్ ల్యాబ్‌లో స్క్రూగేజి పట్టుకున్న వాళ్లబ్బాయి చేయాల్సిందీ అదే. పుస్తకంలో దాన్ని శూన్యాంశ దోషం అంటారు... అంతే తేడా!

ఆ ల్యాబ్‌లో తేలిగ్గా కనిపిస్తూనే తిప్పలు పెట్టేది లఘులోలకం. దారానికి గుండు కట్టి ఊపడం, ఊపుల సమయాన్నిబట్టి గురుత్వ త్వరణం ‘జి’ విలువ రాబట్టడం. సెకను వర్గానికి 980 సెంటీమీటర్లు రావాలని ముందే తెలుసు కాబట్టి, కొందరు వెనకనుంచి లెక్కకట్టి ఆ అంకె తెప్పించేస్తుంటారు. తమాషా ఏంటంటే, ప్రపంచం మొత్తానికీ ప్రామాణికంగా పెట్టుకున్న విలువ 980.665. నిజానికి జి భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ధ్రువాల దగ్గర ఎక్కువ. నరసరావుపేట అక్షాంశానికి లెక్కిస్తే వచ్చేది దాదాపు 978.4. అంటే, తెచ్చిపెట్టుకున్న జవాబూ కచ్చితం కాదన్నమాట!

మరి నిజంగా కొలిస్తే? మీటరు పొడవు లోలకం ఓసారి వెళ్లి రావడానికి పట్టేది సుమారు 2 సెకన్లు. స్టాప్‌వాచీ నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చిందనుకోండి. ఒక్క ఊపే కొలిస్తే అది 10 శాతం తప్పు. సూత్రంలో కాలానికి వర్గం ఉంటుంది కాబట్టి జి దగ్గరకొచ్చేసరికి 20 శాతమవుతుంది. అదే 20 ఊపులూ కలిపి కొలిస్తే, ఆ కాస్త తేడా 40 సెకన్లమీద సర్దుకుని, జిలో తప్పు ఒక్క శాతానికి దిగుతుంది. సెల్‌ఫోన్ సెకనులో నూరోవంతు కూడా చూపిస్తుందని మురిసిపోవద్దు, నొక్కేది మన వేలే!

లెక్కపెట్టడంలోనూ మెలిక ఉంది. వాచీ నొక్కుతూ ‘ఒకటి’ అన్నారా... 20 అనేసరికి అయినవి 19 ఊపులే. జి ఏకంగా 1080 దాటేస్తుంది. ‘సున్నా’ అంటూ మొదలెట్టాలి. అదీ గుండు చివరికెళ్లి ఆగినట్టుండే చోట కాదు, వేగంగా దాటే మధ్యగీత దగ్గర. 30 డిగ్రీలదాకా లాగి వదిలితే జి 945కి పడిపోతుంది. నాలుగైదు డిగ్రీలు చాలు. ఫ్యాను మాత్రం కట్టేయాల్సిందే, పల్నాడు ఎండల్లో కష్టమే అయినా.

దారం పొడవును గుండు మధ్యదాకా కొలవాలి. ఆ మధ్య ఎక్కడో తేలకపోతే? పొడవు మారుస్తూ ఐదారుసార్లు చేసి, పొడవుకీ కాలవర్గానికీ గ్రాఫు గీయండి. అన్ని కొలతల్లోనూ ఒకే సెంటీమీటరు తగ్గితే గీత పక్కకి జరుగుతుందేగానీ వాలు మారదు. జి దొరికేది ఆ వాలులోనే.

ఇంట్లో గుమ్మానికి దారం, దానికో బరువైన నట్టు కట్టి కూడా చేయొచ్చు. 970 వస్తే 970 అనే రాయండి. పక్కనే, అటో ఇటో 10 అని.