ఊరు పోయింది... మనసు నిలిచింది!

చలికాలం వస్తే చాలు, హైదరాబాదులోనూ, విశాఖలోనూ రోడ్డు పక్కన స్వెట్టర్ల దుకాణాలు వరసగా వెలుస్తాయి. అడ్డచారల గుడ్డ నడుముకి కట్టుకున్న టిబెటన్ ఆడవాళ్లు అమ్ముతూ ఉంటారు. "ఆరొందలా? మూడొందలకిస్తావా?" అని మనం బేరం పెడతాం. ఆవిడ నవ్వుతూ తల అడ్డంగా ఊపుతుంది. కొనుక్కుని వచ్చేస్తాం. ఆవిడది ఏ ఊరు, ఇంతదూరం ఎందుకొచ్చింది అని ఎప్పుడైనా అనుకున్నారా?

1959 మార్చిలో లాసాలో చైనా పాలన మీద తిరుగుబాటు వచ్చింది. మార్చి 12న వేలమంది ఆడవాళ్లు వీధుల్లోకొచ్చారు. 17వ తేదీ రాత్రి దలైలామా లాసా విడిచి, నెలాఖరుకి మన దేశం చేరారు. ఆయన వెనకే సుమారు 80 వేలమంది హిమాలయాలు దాటారు. అయినవాళ్లను దారిలోనే పోగొట్టుకున్నవాళ్లు ఎందరో! వచ్చాకైనా సుఖపడ్డారా అంటే, అదీ లేదు. చలిదేశం మనుషులు కదా, మన ఎండలకీ, కొత్త జబ్బులకీ తట్టుకోలేకపోయారు. చాలామందికి కొండల్లో రోడ్లు వేసే కూలిపనే దిక్కయింది.

1960 మే నెలలో జమ్మూ రోడ్డుపనుల శిబిరాల నుంచి 51 మంది పిల్లలు ధర్మశాల చేరారు. తిండిలేక చిక్కి, జబ్బుపడి ఉన్నారు. దలైలామా అక్కగారు త్సెరింగ్ డోల్మా వాళ్ల భారం నెత్తినేసుకున్నారు. 1964లో ఆవిడ పోయాక చెల్లెలు జెత్సున్ పెమా ఆ పని అందుకున్నారు. అదే టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్. పిల్లల్ని ఇళ్లుగా విడదీసి, ఒక్కో ఇంటికీ ఒక అమ్మని పెట్టారు. కర్ణాటకలోని బైలకుప్పెలో మరికొందరు అడవి కొట్టి, ఏనుగుల్ని కాచుకుంటూ మొక్కజొన్న పండించారు.

ఇంత దెబ్బ తిన్న మనిషి మళ్లీ ఎలా లేస్తాడు? అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్‌హూన్ 1990ల్లో దీన్ని పరిశీలించి, 'గాయం తర్వాతి ఎదుగుదల' అని పేరు పెట్టారు. అది ఐదు రకాలుగా కనిపిస్తుందన్నారు. 'నేనూ తట్టుకోగలను' అన్న ధైర్యం, తోటివాళ్లతో దగ్గరితనం, కొత్త దారులు కనపడడం, ఉన్నదాని విలువ తెలియడం, భక్తి లేదా జీవితం గురించిన ఆలోచన లోతుగా మారడం.

అలాగని కష్టం మంచిదే అనుకునేరు! కష్టం మనిషిని పెంచదు. దాన్ని మోస్తూ, ఆలోచించుకుంటూ, నలుగురి చేయూతతో మనిషే ఎదుగుతాడు. ఎదిగినవాళ్లకీ ఏడుపు ఉంటుంది, పీడకలలూ ఉంటాయి. రెండూ ఒకే గుండెలో కాపురం చేస్తాయి. అందరూ ఎదగాలనీ లేదు.

ధర్మశాలలో టిబెటన్ల మధ్య ఉండి సారా లూయిస్ అనే పరిశోధకురాలు 2019లో ఒక పుస్తకం రాశారు. బాధని మాటిమాటికీ తవ్వుకోకుండా, 'కష్టం అందరికీ ఉన్నదే' అని మనసుని విశాలం చేసుకోవడం వాళ్ల పద్ధతి అని ఆవిడ చెప్పారు. గుప్పెడు ఉప్పు గ్లాసు నీళ్లలో వేస్తే తాగలేం, చెరువులో వేస్తే తెలీదు కదా! అలాగన్నమాట.

మరి మన వీధిలోనే వరదకో, అగ్నిప్రమాదానికో ఇల్లు పోయినవాళ్లుంటే ఏం చేద్దాం?

* "ఏదైనా కావాలంటే చెప్పండి" అని ఊరుకోకండి. క్యారేజీ పంపండి, పిల్లల్ని ఓ పూట మీ ఇంట్లో ఉంచుకోండి.
* "ఏం జరిగింది?" అని పదే పదే అడగొద్దు. చెబితే మాత్రం అడ్డు రాకుండా వినండి.
* "అంతా మన మంచికే" అనొద్దు. ఆ మాట కత్తిలా దిగుతుంది.
* ఒక చిన్న పని వాళ్ల చేతికివ్వండి. 'నేనూ పనికొస్తాను' అన్న భావన పెద్ద మందు.
* నెల దాటినా నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా డాక్టరుకి చూపించాలి. చావు మాట ఎత్తితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలిమానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు.

ఈసారి స్వెట్టరు కొనేటప్పుడు బేరం ఆడండి, తప్పులేదు. కానీ ఆవిణ్ణి "మీదే ఊరమ్మా?" అని ఒక్కమాట అడగండి. చెబుతుందో, నవ్వి ఊరుకుంటుందో ఆవిడ ఇష్టం. అడిగిన మనిషి ఉందన్న సంగతి మాత్రం ఆవిడ వెంట ఇంటిదాకా వెళుతుంది.