నదీతీర రాతి మొనలు: గుర్తింపు, కాలనిర్ణయం

నదీతీరాలలో లభించే మొనదేలిన రాళ్లన్నీ ఆదిమానవుని పనిముట్లు కావు. ప్రవాహవేగానికి రాళ్లు పరస్పరం ఢీకొన్నప్పుడు కూడా పెచ్చులు ఊడుతాయి. పెచ్చుపై దెబ్బ తగిలిన తలం, దాని దిగువన ఉబ్బు, అక్కడినుండి వ్యాపించే అలల వంటి గీతలు ఆఘాతాన్ని సూచిస్తాయి. అవి మాత్రమే మానవకృత్యాన్ని నిరూపించవు. రెండు అంచులు మొన వద్ద కలిసేలా వరుసగా చేసిన సన్నని చెక్కుడు, సమీపంలో అదే రకపు రాతి వ్యర్థాలు ఉన్నప్పుడు నిర్ధారణ బలపడుతుంది.

పనిముట్టుగా గుర్తించినంత మాత్రాన దాని కాలం తేలదు. ఒకే ఆకృతి భిన్నకాలాలలో కనిపించవచ్చు. కాలాన్ని చెప్పేది అది లభించిన మట్టిపొర. కర్నూలు ప్రాంతంలోని జుర్రేరు లోయలో, జ్వాలాపురం వద్ద, సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 సంవత్సరాల క్రితం వెదజల్లిన బూడిద పొరకు పైనా కిందా రాతి పనిముట్లు లభించాయి. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో గుర్తించిన తమిళనాడులోని అత్తిరంపాక్కంలో, మట్టిరేణువులు చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని లెక్కించి, మధ్య పాతరాతియుగ సంస్కృతి ఆరంభాన్ని సుమారు 3,85,000 సంవత్సరాల క్రితానికి చేర్చిన ఫలితాలు 2018లో వెలువడ్డాయి.

అంచులు అరిగి నునుపెక్కిన మొన నీటిలో దొర్లివచ్చినదై ఉండవచ్చు; పదునైన అంచులున్నది మూలస్థానానికి చేరువలోనిదై ఉండే అవకాశం ఎక్కువ. అందువల్ల స్థానం, లోతు, దిశ, పొర నమోదు కాకముందే మొనను చేతిలోకి తీసుకుంటే వస్తువు మిగులుతుంది, చరిత్ర మిగలదు.