కంద పువ్వు చెప్పిన సంగతులు

ఓ వేసవిలో మా పెరడంతా ఒకటే కంపు. ఎలుకేదో చచ్చిందని కట్టెల చాటునా, డబ్బాల వెనకా వెతికాం. తీరా చూస్తే, నాలుగైదేళ్ళ కిందట గోడవారన పాతి మరిచిపోయిన కంద! నేల చీల్చుకుని ఊదారంగు పువ్వు పూసింది. "ఇంటికి అరిష్టం, పీకి పారెయ్యమ్మా" అన్నారు పక్కింటి పిన్నిగారు. నేనూ గునపం తీశాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మా ఆడపడుచు సమయానికి వచ్చి ఆపింది గనక సరిపోయింది.

మనం దుంప అంటాం గానీ కంద వేరు కాదుట, భూమిలో ఉబ్బిన కాండం. పైన మచ్చల కాడా, దానిమీద విచ్చుకున్న గొడుగూ కలిపి ఒకే ఒక్క ఆకు! వానాకాలమంతా ఆ ఆకు తయారుచేసిన ఆహారం కిందికి దిగుతుంది. పాత దుంప ఆకుని మొలిపించడంలోనే కరిగిపోతే, దాని నెత్తిన కొత్తది ఊరుతుంది. తర్వాత ఆకు ఎండిపోతుంది. దుంప బాగా బలిసిన ఏడు మాత్రం తొలకరి సమయంలో, ఆకు కంటే ముందే పువ్వు వస్తుంది.

అదీ ఒక్క పువ్వు కాదు. గిన్నెలాంటి పెద్ద రేకు మధ్యన ఒక కంకి. అడుగున ఆడపూలు, వాటిపైన మగపూలు, కొసన ముడతలు పడ్డ గడ్డ. విచ్చిన మొదటిరోజున ఆ గడ్డ వేడెక్కి కుళ్ళు మాంసం వాసన కొడుతుంది. కుళ్ళు వెతుక్కునే పెంకుపురుగులు మోసపోయి, వేరే కంద పుప్పొడి మోసుకొచ్చి వాలతాయి. అప్పటికి ఆడపూలే సిద్ధంగా ఉంటాయి. మగపూలు పుప్పొడి రాల్చేసరికి వాటి వేళ దాటిపోతుంది. సగోత్రంలో సంబంధం కలుపుకోం చూడండి, అలాగన్నమాట! ఆ పని అయ్యాక కంపూ పోతుంది. మా పెరట్లోనూ మూడోనాటికి పోయింది.

అమార్ఫోఫాలస్ అనే ఈ ప్రజాతిలో రెండు వందలకు పైగా మొక్కలున్నాయి. సుమత్రా అడవుల్లో 1878లో బెక్కారి అనే ఇటలీ దేశస్థుడు చూసిన మొక్క పూత మనిషిని మించిన ఎత్తు. 1889లో అది లండన్‌లోని క్యూ తోటలో పూసింది.

ఇక దురద. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటాం గానీ, నిజానికి దురద రేపేది కత్తిపీటే. కంటికి కనబడని కాల్షియం ఆక్సలేట్ సూదులు కంద కణాల్లో కట్టలుగా ఉంటాయి. కోత పడగానే బయటికొచ్చి గుచ్చుకుంటాయి. అందుకే మన పెద్దవాళ్ళు చేతికి నూనె రాసుకుని తరిగేవారు, చింతపండు వేసి మెత్తగా ఉడికించేవారు. కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకానికి దురద తక్కువ. అడవి కందకు మాత్రం చాలా ఎక్కువ. తెలియని దుంప కూరకు తెచ్చుకోకండి, పచ్చిముక్క పిల్లల నోటిదాకా పోనివ్వకండి.