నిలిచిన ఆసామి, వంగిన కూలీలు

ఛాయాచిత్రమనగా పెండ్లిపటమనియో, మంత్రిగారి మెడలో పూలదండ పడుచున్న దృశ్యమనియో తలచుట మనవారికి అలవాటు. పత్రికలవారమగు మేమును ఈ యలవాటునకు దోహదము చేసినవారమే. కాని యంత్రమును పొలము గట్టునకు మోసికొనిపోయినవారును కొందరు కలరు. వారి పటములను భూవసతిగల మన పాఠకులు తప్పక చూడవలెనని మా కోరిక.

శ్రీ పాలగుమ్మి సాయినాథుగారు 1957లో చెన్నపట్టణమున జన్మించిన ఆంధ్రులు. వరాహగిరి వేంకటగిరిగారి మనుమలు. 1993 మొదలు 2002 వరకు పది రాష్ట్రముల పల్లెలయందు స్త్రీలు చేయు పనిని వీరు చిత్రించిరి. ‘కనబడు పని, కనబడని స్త్రీలు’ అని ఆ ప్రదర్శనపు పేరునకు అర్థము. పటములను చిత్రశాలలకు మాత్రమే పరిమితము చేయక, రైలు స్టేషనులలోను, కర్మాగారముల వాకిళ్ల యెదుటను, కూలీల మహాసభలయందును నిలిపిరి. చూచినవారు ఏడు లక్షలకు పైబడిరి.

అందొకటి మన విజయనగర ప్రాంతమునది. ఆసామి పొలమున నిటారుగా నిలిచి, ఠీవితో యంత్రమునకు ముఖమిచ్చెను. నాట్లు వేయు స్త్రీలు నడుములు రెండుగా వంచియుండిరి. దినమునకు 40 రూపాయలిచ్చుచున్నానని ఆసామి చెప్పెను. తమకు ముట్టినది 25 మాత్రమేయని ఆ స్త్రీలు పిదప తెలిపిరి. వారందరును ఒడిస్సాలోని రాయగడనుండి వలసవచ్చినవారు, సెంటు భూమియైన లేనివారు. తక్కిన 15 రూపాయలు పటమున కానరావు. నిలిచినదెవరో వంగినదెవరో మాత్రము స్పష్టముగా కానవచ్చును.

వేరొక పటము ఆంధ్రదేశపు ఇటుకబట్టీది. వెలుపలనే 49 డిగ్రీల యెండ. వేడియిటుకలు తలకెత్తుకొను స్త్రీకి 10, 12 రూపాయలు. పురుషునకు 15 మొదలు 20.

ధాన్యపు ధర గిట్టుబాటు గాక తామును నలిగిపోవుచున్నామని ఆసాములందురు. అది నిజము కాదని మేమనము. కాని ధర తగ్గినప్పుడెల్ల మొట్టమొదట కోతపడునది ఆడుకూలి యేల? ఇంటిలోని స్త్రీలకైనను జరిగిన న్యాయమెంత? ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెలకు సమానభాగమిచ్చు చట్టము ఆంధ్రప్రదేశమున 1986లోను, దేశమంతటను 2005లోను వచ్చెను. తమ పట్టాదారు పాసుపుస్తకములలో కుమార్తె పేరున్నవి ఎన్నియో పాఠకులే చూచుకొందురు గాక!

సాయినాథుగారు 2014లో గ్రామీణ భారత ప్రజా భాండాగారమును స్థాపించిరి. అందు పనిచేయు పళనికుమారుగారు మధురప్రాంతపు యువకులు, చేపలమ్ముకొను తల్లి పెంచిన బిడ్డ. పారిశుద్ధ్యపు పనివారి బ్రతుకులను, మురుగుగుంటలలో ప్రాణములు కోల్పోయినవారి కుటుంబములను ఈయన ఏండ్లతరబడి చిత్రించుచు వచ్చిరి. ప్రసిద్ధ ఛాయాచిత్రకారిణి దయానితా సింగుగారు తమ పేర నెలకొల్పిన పురస్కారము 2022లో తొలుత వీరికే లభించెను. అటుపిమ్మట వీరు తమ తల్లి బ్రతుకునే పటములకెక్కించిరి.