తారాజువ్వ నుంచి తారల దాకా



ఇంట్లో తెలుగూ, బజారులో తమిళమూ మాట్లాడుకునే కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల వారికి అగ్గిపుల్ల గురించి, టపాకాయ గురించి ఒకరు చెప్పవలసిన పని లేదు. అందుకనే ఈనాటి విషయం మీకు చెప్పడం సులభం. కథల్లోనూ సినిమాల్లోనూ అంతరిక్ష నౌకలు నక్షత్రాల మధ్య అలవోకగా తిరుగుతుంటాయి కదా, వాటిని నడిపించేది ఏమిటి? అందులో నిజమెంత, కల్పన ఎంత?

ముందుగా శివకాశి తారాజువ్వను చూడండి. గొట్టంలో కూరిన మందులో బొగ్గు, గంధకం, సురేకారం ఉంటాయి. బొగ్గూ గంధకమూ మండేవి. వాటికి ప్రాణవాయువును అందించేది సురేకారం. అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేటు చేసేదీ ఇదే పని. పొయ్యిలో కట్టె బయటి గాలిని తీసుకొని మండుతుంది. తారాజువ్వ మాత్రం తనకు కావలసిన ప్రాణవాయువును తానే మూట కట్టుకొని బయలుదేరుతుంది. పుట్టిన వాయువు కింది రంధ్రంలోంచి వెనక్కి దూసుకుపోతే గొట్టం ముందుకు పోతుంది. చర్యకు ప్రతిచర్య అని న్యూటన్ చెప్పింది దీన్నే.

ఆ వాయువు బయటి గాలిని నెట్టడం వల్ల రాకెట్టు లేస్తుందని చాలామంది అనుకుంటారు. వారిని తప్పు పట్టనక్కరలేదు. 1920లో న్యూయార్క్ టైమ్స్ పత్రికే, గాలి లేనిచోట రాకెట్టు పనిచేయదంటూ గొడార్డ్ అనే శాస్త్రవేత్తను ఎగతాళి చేసింది. 1969 జులైలో, మనుషులు చంద్రుడి దారిలో ఉండగా, ఆ మాటను వెనక్కి తీసుకుంది!

కాబట్టి కథలో నౌక కనిపించగానే మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది వెనక్కి ఏం విసురుతోంది?

జూల్స్ వెర్న్ 1865లో రాసిన నవలలో 900 అడుగుల ఫిరంగిని పోతపోయించి, దాని గుండును చంద్రుడి వైపు పేల్పించాడు. లెక్కలు వేసి మరీ రాశాడు గానీ, ఆ కుదుపుకు మనుషులెవరూ బతకరు. 1901లో హెచ్.జి. వెల్స్ గురుత్వాకర్షణను అడ్డుకునే పదార్థాన్ని కల్పించి, దానికి కేవరైట్ అని పేరు పెట్టాడు. తాను తుపాకిమందు వాడితే ఆయన లోకంలో లేని వస్తువును పుట్టించాడని వెర్న్ ఆక్షేపించాడు. నా ఓటు వెర్న్‌కే.

నిజమైన చిక్కు బరువుతో వస్తుంది. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్.వి.ఎం.-3 రాకెట్టు బరువు సుమారు 640 టన్నులు. చంద్రయాన్ బరువు 4 టన్నుల లోపే! మిగిలినదానిలో అధికభాగం ఇంధనం. ఇంధనాన్ని మోయడానికే మళ్లీ ఇంధనం కావాలి మరి. దాని పక్కనున్న రెండు బూస్టర్లలో ఒక్కొక్కదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం పట్టింది. అందులో ఉండేవి అల్యూమినియం పొడి, అమ్మోనియం పెర్‌క్లోరేటు, వాటిని పట్టి ఉంచే రబ్బరు వంటి పదార్థం. అల్యూమినియం పొడి శివకాశికి కొత్తదేమీ కాదు. ఈ బూస్టరు తారాజువ్వకు పెద్దన్న అన్నమాట. ఒకసారి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. మందు కలిపే షెడ్డులో పనిచేసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

పై అంచెలోని క్రయోజెనిక్ ఇంజనును పరీక్షించింది మీకు దగ్గరలోనే, తిరునెల్వేలి జిల్లా మహేంద్రగిరిలో. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్ అందులో మండుతాయి. వాయువు సెకనుకు 4 కిలోమీటర్లకు పైగా వేగంతో వెనక్కి పోతుంది. ఎంత వేగంగా విసిరితే అంత తక్కువ ఇంధనం సరిపోతుంది.

అయినా నక్షత్రాలకు ఇది చాలదు. 1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనుకు 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో అతి దగ్గరి నక్షత్రమంత దూరం పోవాలన్నా 70 వేల ఏళ్లు దాటుతుంది. కథకుడు అంతకాలం ఆగలేడు కదా! అందుకే 1966లో మొదలైన స్టార్ ట్రెక్ ధారావాహికలో వార్ప్ ఇంజను వచ్చింది. నౌక ముందున్న ఆకాశాన్నే ముడిచి, వెనకది సాగదీయవచ్చునని 1994లో మెక్సికో శాస్త్రవేత్త అల్కుబియెర్ సమీకరణాలు రాశాడు. కానీ దానికి ఋణశక్తి కావాలి. అంత ఋణశక్తిని కూడగట్టే దారి ఎవరికీ తెలియదు.

ఇంధనమే లేని దారి ఒకటుంది. ఒకప్పుడు తెరచాప ఎత్తి కొలంబో వెళ్లిన తూత్తుకుడి తోణిని తలుచుకోండి. సూర్యకాంతి తోపుతో సాగే తెరచాప నౌకల పందెం మీద ఆర్థర్ క్లార్క్ 1964లో కథ రాశాడు. 2010లో జపాను ఇకరోస్ నౌక దాన్ని నిజం చేసి చూపింది.

ఇంధనం పిసరు కూడా వృథా కారాదన్న లెక్కే ఇప్పుడు కోవిల్‌పట్టి ఉన్న జిల్లాకు వచ్చింది. శ్రీహరికోట నుంచి దక్షిణ ధ్రువం వైపు పోయే రాకెట్టు శ్రీలంక మీదుగా పోకుండా వంపు తిరగాలి. ఆ వంపుకు ఇంధనం ఖర్చవుతుంది, చిన్న రాకెట్టుకు అది పెద్ద భారం. తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్టినం నుంచైతే నేరుగా సముద్రం మీదుగా దక్షిణానికి పోవచ్చు. అక్కడి ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. అది ఎస్.ఎస్.ఎల్.వి. అనే చిన్న రాకెట్టు కోసం. దాని మూడు ప్రధాన అంచెలూ ఘన ఇంధనంతో, అంటే తారాజువ్వ పద్ధతిలోనే నడుస్తాయి.