పాతబండి – క్రొత్తప్రయాణము

మోటారుకారు వెనుక తగిలించి లాగించుకొనిపోవు చిన్నబండిని ట్రైలరు అందురు. దానికి స్వంత యంత్రము లేదు. ఆస్ట్రేలియాలో పలువురు కట్టెలు, ఇసుక, సామానులు మోయుటకై ఇనుపచట్రమును తామే అతికించి ఇట్టి బండ్లను చేసికొందురు. ఏండ్లు గడచిన పిదప అవి పెరటిలో త్రుప్పుపట్టుచుండును. అట్టి పాతబండినే విడిదిబండిగా మార్చి, కొందరు అడవులకును ఎడారులకును విహారయాత్రలు సాగింతురు.

విద్యార్థులారా! పైన గుడారము కట్టినంతమాత్రమున ఈ పని ముగియునని తలంపకుడు. ఆ దేశపు వాయవ్యభాగమున గిబ్ నది మార్గము కలదు. పశువులను తరలించుటకై ఏర్పడిన ఈ మార్గము పొడవు సుమారు 660 కిలోమీటర్లు. అందు అధికభాగము కంకరబాట. వాహనముల రాకపోకలచే దానిపై, ముడుతల రేకుమీదవలె, అడ్డముగా అలలు ఏర్పడును. గంటలకొలది ఆ కుదుపులు తగిలినచో బలహీనమైన అతుకు విడిపోవును. అచ్చట బండి విరిగినచో సమీపమున సహాయము దొరకదు.

కావున మొదటి పని పరీక్ష. త్రుప్పును గోకి, లోహమెంత మిగిలినదో చూడవలెను. నొగ చట్రముతో కలియుచోటును మరింత శ్రద్ధగా చూడవలెను; ఏలయన లాగుడంతయు అచ్చటనే పడును. చక్రముల బేరింగులను కడిగి క్రొత్త గ్రీజు పట్టింపవలెను. విరిగిన కమాను పట్టీలను మార్చవలెను.

రెండవది ఎత్తు. ఇరుసు కమానులకు పైన ఉన్నచో, దానిని క్రిందికి మార్చి చట్రమును పైకెత్తుదురు. అప్పుడు రాళ్లు అడుగున తగులవు. కాని ఎత్తు పెరిగినకొలది బండి బోల్తాపడు భయమును పెరుగును. అందుచే బరువైన వస్తువులను అడుగునను, తేలికైనవానిని పైనను ఉంచవలెను. కారుచక్రములవంటి చక్రములనే బండికిని అమర్చినచో, ఒకే అదనపు చక్రము రెండింటికిని అక్కరకు వచ్చును.

మూడవది సమతూకము. ఎడ్లబండిలో బరువు వెనుకకు జరిగినచో కాడి పైకి లేచును. ముందునకు జరిగినచో ఎడ్ల మెడలు నొచ్చును. ఇచ్చటను అదియే న్యాయము. మొత్తము బరువులో సుమారు పదవవంతు కారు కొక్కెముపై ఆనవలెను. 500 కిలోగ్రాముల బండికి అది 50 కిలోగ్రాములు. అంతకు బాగుగా తగ్గినచో వేగమున బండి ఇటునటు ఊగి, కారునే త్రోవ తప్పించును. మిక్కిలి హెచ్చినచో కారు ముందుచక్రములకు నేలపై పట్టు సడలును. 60 లీటర్ల నీటితొట్టి నిండినచో అందలి నీరే సుమారు 60 కిలోగ్రాముల బరువు. దినదినము నీరు తరుగుచుండును. ఆ తొట్టిని ఇరుసుపైననే నిలిపినచో నీరు తరిగినను సమతూకము చెడదు.

కొక్కెము ఊడినను బండి విడిపోకుండ గొలుసులు బిగింపవలెను, దీపములను సరిచూచుకొనవలెను. పిదప సామానులన్నియు నింపి, ఇంటికి చేరువనున్న గతుకుబాటపై నడిపి, మరలన్నింటిని మరల బిగింపవలెను.

పాతవస్తువును పారవేయక వాడుకొనుట మెచ్చదగినదే. కాని దాని బలమెంతయో ఎరిగి వాడినవానికే అది తోడగును.